తేలు కుట్టిన దొంగ ఇప్పుడెవరు?

ఏటా డిసెంబరు ఆఖరి వారంలో జిల్లా పేజీలో ఒక వార్త వస్తుంది. ఎస్పీ గారు ప్రెస్ మీట్ పెట్టి ఏడాది నేరాల లెక్క చెప్తారు. హత్యలు ఇన్ని, దొంగతనాలు ఇన్ని, రోడ్డు ప్రమాదాలు ఇన్ని. మిగతా వరసలు ఒక ఏడు పెరుగుతాయి, ఒక ఏడు తగ్గుతాయి. సైబర్ మోసాల వరస మాత్రం కొన్నేళ్ళుగా ఎక్కడమే గానీ దిగడం లేదు.

ఈసారి ఆ వార్త శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ కొట్లో చదివాను. పక్కనున్న పెద్దాయన నా భుజం మీంచి తనూ చదివేసి, "కాలం మారిపోనాది బాబూ. మా కాలంలో దొంగంటే దొంగలాగే ఉండేవోడు. ఇప్పుడు దొంగెవడో దొరెవడో తెల్దు" అన్నాడు. తలూపాను. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే అనిపించింది, సగం తప్పుకి తలూపానని.

దొంగ పెద్దగా మారలేదు. ఆశ పెట్టేవాడు ఆశ పెడుతున్నాడు, భయపెట్టేవాడు భయపెడుతున్నాడు. మారినవాడు పోగొట్టుకున్నవాడు. తేలు కుట్టిన దొంగలా అంటాం కదా. ఎవరింట్లోనో చీకట్లో చెయ్యి పెట్టినవాడిని తేలు కుడితే వాడు అరవలేడు. అరిస్తే దొరికిపోతాడు, పళ్ళు బిగించుకుని భరించాలి. ఇప్పుడు అలా పళ్ళు బిగించుకుని కూర్చుంటున్నది దొంగ కాదు, సొమ్ము పోయినవాడు. దొంగేమో గంటల తరబడి, తాపీగా, గొంతెత్తి మాట్లాడుతున్నాడు.

రెండు బిందెలు

మా అమ్మమ్మ వాళ్ళది నరసన్నపేట దగ్గర ఊరు. మట్టిగోడలు, తాటాకు కప్పు. 1960ల్లో ఒక వేసవి రాత్రి ఆ ఇంటికి కన్నం వేశారు. సిమెంటు గోడలొచ్చాక ఆ పనితనం పోయింది గానీ, దానికీ ఒక పద్ధతుండేదట. పెరటి గోడ అడుగున తడి చేసి, చప్పుడు కాకుండా గునపంతో మట్టి తీసి, మనిషి దూరేంత కంత చేసేవాడు. చేశాక కూడా ముందు తల పెట్టేవాడు కాదు. కర్రకి ఒక కుండ తగిలించి లోపలికి తోసేవాడు. లోపల ఎవరైనా రోకలి పట్టుకుని కాచుక్కూర్చుంటే ఆ దెబ్బేదో కుండకి తగులుతుంది. కుండ పగల్లేదంటే ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్నట్టు.

ఆ కుండ ఇప్పటికీ ఉంది. షేర్ల పేరుతో వాట్సాప్ గ్రూపుల్లో చేర్చుకునేవాళ్ళు మొదట ఐదువేలు పెట్టించి, ఆరువేలు నిజంగానే మన ఖాతాలో వేస్తారు. అది కుండ. కాళ్ళు తర్వాత వస్తాయి.

అమ్మమ్మకి పోయినవి బూడితి ఇత్తడి బిందెలు రెండు. తెల్లవారుజామున లేచి కంత చూసి వేసిన కేకకి ఊరు ఊరంతా లేచింది. హరికేన్ లాంతర్లు పట్టుకుని ఒక జట్టు చెరువు గట్టు వైపు, ఇంకో జట్టు సరుగుడు తోట వైపు పరుగెత్తాయి. ఒక బిందె తోటలో దొరికింది. మెడ మీద తాతయ్య పేరుంది. అప్పట్లో ఇత్తడి సామాను కొంటే అంగడి దగ్గరే ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేవారు. పేరున్న బిందెని ఆ చుట్టుపక్కల అమ్ముకోవడం కష్టం. ఇప్పుడు మనం కాపాడుకునే పిన్ను నంబరుకి అది సరిగ్గా తిరగేసిన పద్ధతి. దీన్ని ఎవరికీ చెప్పకూడదు, దాన్ని అందరూ చదవగలగాలి.

రెండో బిందె దొరకలేదు, దొంగా దొరకలేదు. కానీ అమ్మమ్మ ఆ కంతని మూడు రోజులు పూడ్చనివ్వలేదట, పొరుగూళ్ళ నుంచి చూడ్డానికి వచ్చేవాళ్ళున్నారని. వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని తమ ఇళ్ళలో పోయినవి చెప్పుకున్నారు. ఆ కథ నా చిన్నప్పుడు విన్నప్పుడు రెండు బిందెలే. నేను ఇంటరుకొచ్చేసరికి ఒక గుండిగ చేరింది. ఆమె పోయే ముందు సంవత్సరం వెండి పట్టీలు కూడా పోయాయి. ఎవరం సరిదిద్దలేదు.

మావయ్య గది

మా మావయ్య కోర్టులో గుమస్తాగా ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యారు. ఆయన కథ రాస్తానంటే "రాయి, ఊరు పేరు తీసేయ్" అన్నారు. తీసేశాను.

2024 సెప్టెంబరులో ఆయనకి డిజిటల్ అరెస్టు ఫోన్ వచ్చింది. పోలీసులమని చెప్పి, వీడియో కాల్లో కదలకుండా కూర్చోబెట్టి బెదిరించి డబ్బు లాగే ఆ తతంగం ఈపాటికి అందరికీ తెలిసిందే కాబట్టి ఊరుకుంటాను. రెండు పగళ్ళు, ఒక రాత్రి ఫోన్ కెమెరా ముందు కూర్చున్నారు. దొడ్లోకి వెళ్ళాలన్నా అనుమతి అడిగారు. అత్తకి "పెన్షన్ వెరిఫికేషన్, మాట్లాడించకు" అని చెప్పారు. ఆవిడ అన్నం కంచం గది గుమ్మంలో పెట్టి వెళ్ళింది. రెండో రోజు బ్యాంకుకెళ్ళి డిపాజిట్లు రద్దు చేస్తుంటే కౌంటర్లో అమ్మాయి "ఇంత మొత్తం ఒక్కసారే ఎందుకండీ?" అని అడిగింది. మనవరాలి పెళ్ళన్నారు. మనవరాలు అప్పటికి ఇంజనీరింగు రెండో సంవత్సరం. మొత్తం పదకొండు లక్షలు.

నాకు తొలిచేసింది ఒకటే ప్రశ్న. చట్టం తెలిసిన మనిషి ఎలా నమ్మారు? తర్వాత ఆయనే చెప్పారు, తెలియబట్టే నమ్మానని. ఆయన చేతి కింద నలిగినవి 1860 నాటి శిక్షాస్మృతి నంబర్లు. నాలుగు వందల ఇరవై అంటే నిద్రలోనూ ఉలిక్కిపడతారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం సెక్షను 318 అయింది. ఫోన్లో ఉన్నవాడు 318 అన్నాడు. దొంగసొత్తుకి 317 అన్నాడు. రెండూ సరైనవే. కొత్త చట్టాల్లో సమన్లు ఎలక్ట్రానిక్‌గా పంపొచ్చని, విచారణ వీడియోలో జరపొచ్చని చెప్పాడు. అదీ నిజమే. ఇన్ని నిజాలు చెప్పినవాడు చివర్లో అరెస్టు కూడా వీడియోలో ఉంటుందని ఒక్క అబద్ధం కలిపితే, పాత పుస్తకం చదివి రిటైరైన మనిషి ఏమనుకుంటాడు? "మనం దిగిపోయాక మార్చేసుంటార్లే అనుకున్నాను" అన్నారు మావయ్య. పైగా సుప్రీంకోర్టు ముద్రతో కాగితం పంపారు. అలాంటి నకిలీ ఉత్తర్వుల గురించి తెలిసి సుప్రీంకోర్టే 2025 అక్టోబరులో తనంత తానుగా కేసు చేపట్టింది. జీవితమంతా ఆ ముద్రకి లేచి నిలబడ్డ మనిషి ఇంట్లో ఒంటరిగా దాన్ని ఎలా కాదంటాడు?

డబ్బు పోవడం ఒక ఎత్తు. అసలు కథ ఆ తర్వాతి నాలుగు నెలలది. ఆ 2024 అక్టోబరు 27న ప్రధాని రేడియోలో ఈ డిజిటల్ అరెస్టు గురించే మాట్లాడారు, చట్టంలో అలాంటిది లేనే లేదన్నారు. ఆ సాయంత్రం అది టీవీలో వస్తుంటే మావయ్య లేచి పెరట్లోకి వెళ్ళి చీకటి పడేదాకా అరటి చెట్ల దగ్గర నించున్నారట. అత్త సుగరు తగ్గిందేమో అనుకుంది. సంక్రాంతికి నాకు ఫోన్ చేసి నలభై వేలు సర్దగలవా అనడిగారు. నాకు ఊహ తెలిశాక ఆయన ఎవరి దగ్గరా చెయ్యి చాచిన మనిషి కాదు. వెళ్ళి గట్టిగా అడిగితే అప్పుడు బయటపడింది.

"ముందే ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

"చెప్తే ఏటంటారు? ముప్పై మూడేళ్ళు కోర్టులో చేసినోడికి ఈమాత్రం తెలీదా అంటారు."

నేనేమీ అనలేదు. ఆయన చెప్పడం మొదలుపెట్టినప్పుడు నా నోటి చివర దాకా వచ్చి ఆగింది సరిగ్గా ఆ వాక్యమే. ఆయన్ని వెంటబెట్టుకుని కంప్లయింటు ఇవ్వడానికి వెళ్తే అక్కడ కంప్యూటరు ముందున్న కుర్రాడు నాలా ఆపుకోలేదు. "చదువుకున్నోరు కదండీ, ఇంత అమాయకంగా ఎలాగండీ" అన్నాడు. మంచివాడే, కుర్చీ వేశాడు, టీ కూడా తెప్పించాడు. కానీ అమ్మమ్మని ఎవరూ "మట్టిగోడ ఎందుకు కట్టుకున్నావ్" అని అడగలేదు.

దేశం మొత్తం మీద 2023లో సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్నది 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. అది కంప్లయింటు ఇచ్చినవాళ్ళ లెక్క. అరటి చెట్ల దగ్గర నించున్నవాళ్ళది అందులో లేదు.

దుమ్మెత్తి పోసిన ముసలమ్మ

మా ఊళ్ళో తాటిముంజలు, తేగలు అమ్ముకునే ముసలమ్మ ఒకామె ఉంది. అక్షరమ్ముక్క రాదు. ఖాతాలో డబ్బులు తీసుకోవాలంటే వేలిముద్ర మిషను పట్టుకుని వచ్చే కుర్రాడే దిక్కు. ఒకసారి వాడు "వేలు సరిగా పడలేదు, మళ్ళీ పెట్టవే అప్పా" అన్నాడు. మళ్ళీ పెట్టింది. రెండు వేళ్ళకీ రెండుసార్లు డబ్బు దిగింది, ఆమె చేతికి ఒక్కసారే వచ్చింది. వారం తర్వాత ఖాతాలో ఎంతుందో మనవడి చేత అడిగిస్తే సంగతి తెలిసింది.

వేలిముద్రకి పెద్ద చరిత్రే ఉంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే దొర ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం వెనక అరచేతి ముద్ర వేయించుకున్నాడు, రేపు ఈ సంతకం నాది కాదు అనకుండా. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు, ప్రపంచంలో అదే మొదటిది. మోసం జరక్కుండా కనిపెట్టిన ముద్ర అది. కానీ మన సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో అదే ముద్ర తెల్లకాగితం మీద వేయించుకుని షావుకార్లు పైన నచ్చిన అంకె రాసుకున్నారు. గిరిజనులు 1960ల చివర్లో తిరగబడ్డప్పుడు ఇళ్ళ మీద పడి ముందు తగలబెట్టింది ఆ ప్రోనోట్లనే. తర్వాత ఆ ముద్ర యంత్రంలోకి వెళ్ళింది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒకతను రిజిస్ట్రేషను దస్తావేజుల మీది వేలిముద్రలకి అచ్చులు తీసి వేల సిమ్ములు యాక్టివేట్ చేసి దొరికాడు. ప్రోనోటు కాలిపోతే అప్పు పోయేది. వేలు కాలదు, మార్చుకోవడానికీ లేదు.

ముసలమ్మకి ఇదంతా తెలీదు. ఆమెకి తెలిసింది ఒకటే. మర్నాడు పొద్దున్న రామమందిరం ముందు నిలబడి, జుట్టు విరబోసుకుని, దోసిళ్ళతో దుమ్మెత్తి ఆ కుర్రాడి ఇంటి వైపు పోస్తూ వాడి ఏడు తరాలనీ పేరుపేరునా పిలిచింది. "నా రెక్కల కష్టం తిన్నోడి రెక్కలిరిగిపోనూ" దగ్గర మొదలై పదకొండు గంటల దాకా నడిచింది. జనం పోగయ్యారు. ఆ జనంలోంచి ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు "నా చేత కూడా రెండుసార్లు పెట్టించాడు" అన్నారు. మధ్యాహ్నానికి కుర్రాడి తండ్రి వచ్చి నలుగురికీ డబ్బిచ్చి దండం పెట్టాడు.

పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కాస్త సిగ్గేస్తుంది. చదువురాని మనిషి అరిచి నిలబెట్టుకుంది. చట్టం చదివినాయన నోరెత్తక పోగొట్టుకున్నారు. ఆమెని "తెలివి తక్కువదానివి" అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమెకి తెలివుండాలని ఎవరూ అనుకోకపోవడం వల్లేనేమో. పరువు అనే బరువు ఆమె నెత్తిన లేదు.

కేకంటే నాకూ భయమే

ఇక్కడే నా వాదనకి నేనే అడ్డం తగలాలి. ముసలమ్మ దొంగ పక్క వీధిలో ఉన్నాడు, దుమ్ము వాడి గుమ్మం దాకా వెళ్ళింది. మావయ్య దొంగ ఏ దేశంలో ఉన్నాడో తెలీదు. ఎంత పోసినా దుమ్ము మన కళ్ళలోనే పడుతుంది కదా? నిజమే. కానీ సైబర్ మోసం జరిగితే ఫోన్ చేసే 1930 నంబరు అనేది కేకే. మొదటి గంటలో ఫోన్ చేస్తే డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే ఆపగలిగే అవకాశముంది. నాలుగు నెలలాగి చేస్తే దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టే. మావయ్య అదే రోజు సాయంత్రం అత్తకి చెప్పినా ఆవిడ ఎవరో ఒకరి ఇంటికి పరుగెత్తేది. ఆవిడకి పరువు కంటే పదకొండు లక్షల విలువ బాగా తెలుసు.

రెండో అడ్డం ఇంతకంటే పెద్దది. ఊరి కేక గురించి ఇంత ముచ్చటగా రాస్తున్నాను గానీ, అది ఎవరి మీద పడేదో అమ్మమ్మ కథలో చెప్పని ముక్క ఒకటుంది. మా పెద్దమామయ్య చెప్పారు. బిందెలు పోయిన మర్నాడు ఊరి జనం ఊరి బయట గుడారాలేసుకున్న సంచార కుటుంబాల దగ్గరికి వెళ్ళి, సామాను విసిరేసి, ఇద్దరు మగవాళ్ళని చింతచెట్టుకి కట్టారు. ఏమీ దొరకలేదు. సాయంత్రానికి విప్పారు. బ్రిటిష్ వాళ్ళ నేరస్త తెగల చట్టం 1871 నాటిది, 1952లో దేశమంతా రద్దయింది. కానీ చెంబు పోతే అటే వెళ్ళే కాళ్ళకి రద్దు సంగతి ఎవరూ చెప్పలేదు. అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆ చింతచెట్టు కథలోకి రాలేదు. బిందెలు పెరిగాయి, చెట్టు మాయమైంది.

అదంతా పాతకాలం అనుకోవడానికీ లేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు తిరిగినప్పుడు మా వీధిలో కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశారు. రెండో రాత్రి ఒక దుప్పట్లమ్మేవాణ్ణి పట్టుకున్నారు. వాడికి తెలుగు రాదు, అదే నేరం. పోలీసులు టైముకొచ్చారు కాబట్టి బతికాడు. కర్రలు పట్టుకున్నవాళ్ళలో ఇద్దరు నా దగ్గర ట్యూషను చదివినవాళ్ళు. నేను మేడ మీంచి చూస్తూ నించున్నాను. కిందికి దిగలేదు. ఏజెన్సీ పల్లెల్లో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టిందని ఒంటరి ముసలిదాన్ని చంపినప్పుడు కూడా ముందుండేది ఊరి కేకే.

ఇంకోటి, ఊరు దేనికి కేక వేసేది? బిందెకి వేసేది. తాగొచ్చి పెళ్ళాన్ని కొడితే వేసేది కాదు. "వాళ్ళిద్దరి మధ్యా మనమెందుకు" అని తలుపులేసుకునేది. 498ఏ సెక్షను 1983లో వచ్చింది, ఇప్పుడు కొత్త సంహితలోనూ ఉంది. అయినా మా వీధిలో ఒక ఇంట్లోంచి ఇప్పటికీ రాత్రుళ్ళు చప్పుడొస్తుంది, పొద్దున్నే ఆ ఇల్లాలు గడప కడుగుతూ ఎవరివైపూ చూడదు. తేలు కుట్టినా అరవకూడదని మన ఆడవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. మావయ్యకి అరవై ఆరో ఏట తెలిసింది. కాబట్టి పాతకాలంలో పోయినవాళ్ళంతా గొంతెత్తారని నేను అనలేను. గొంతున్నవాళ్ళు ఎత్తారు, అంతే.

అటువైపు కూర్చున్నవాడు

మావయ్య డబ్బు మొదట పడ్డ ఖాతా ఎవరో కాలేజీ కుర్రాడిదని తేలింది. ఐదో పదో వేలకి ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము అద్దెకిచ్చేశాడు. కన్నం వేసేవాడి వెనక దొంగసొత్తు కొనేవాడు ఒకడెప్పుడూ ఉండేవాడు, ఊళ్ళో పెద్దమనిషిలా తిరిగేవాడు. ఇప్పుడా పనికి పెద్దమనిషి అక్కర్లేదు, ఫీజు కట్టలేని పిల్లాడు చాలు. వాడిని నేను తిట్టుకున్నాను. ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాను.

కానీ ఫోన్లో మాట్లాడినవాడి గురించి నా కోపం కుదురుగా ఉండటం లేదు. 2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియా వ్యవహారం బయటపెట్టినప్పుడు మన వైపు కుర్రాళ్ళ సంగతి తెలిసింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంటుకి లక్ష, లక్షన్నర కట్టి వెళ్ళారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మన దేశం వాళ్ళకే ఫోన్లు చేయించారు. ఆ తర్వాత ఎంబసీ వాళ్ళు విడతలుగా పంపారు. మన జిల్లాలకి ఇది కొత్త కాదు. వందేళ్ళ కిందట ఇక్కడి నుంచి జనం రంగం వెళ్ళారు, అంటే రంగూన్. మేస్త్రీలు ఊళ్ళకొచ్చి బయానా ఇచ్చి ఓడెక్కించేవారు, ఆ బయానా తీర్చడానికి ఏళ్ళు పట్టేది. ఏజెంటు అనే మాట కొత్తది, మేస్త్రీ పాతవాడే.

అలా తిరిగొచ్చిన ఒకబ్బాయి నాకు టెక్కలిలో సెల్ రిపేరు షాపులో తగిలాడు. మొదట చెప్పలేదు, మూడోసారి వెళ్ళినప్పుడు చెప్పాడు. రోజుకి ఇన్ని ఫోన్లని లెక్క, తగ్గితే తిండి తగ్గిస్తారు. "ముసలోళ్ళు ఏడిస్తే మ్యూట్‌లో ఎట్టేసీవోళ్ళం సార్. వినబడితే మాటాడ్లేం" అన్నాడు. ఇంట్లో ఏం చెప్పావని అడిగాను. కంపెనీ మూసేశారని చెప్పాడట. ఏజెంటుకి కట్టిన డబ్బు నెలకి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది, ఇంకా కడుతున్నాడు. ఆ ఏజెంటు మీద కేసు పెట్టలేదు. పెడితే అక్కడ తనేం పని చేశాడో చెప్పాలి కదా.

మావయ్య గదిలో ఫోనుకి ఇవతల ఒకాయన నోరు మూసుకుని కూర్చున్నాడు. అవతల కూర్చున్నవాడు ఇలాంటి కుర్రాడే అయ్యుండొచ్చు, కాకపోనూ వచ్చు. మాట్లాడుతున్నది వాడే అనుకున్నాం కదా, వాడిదీ సొంత మాట కాదు, ఎదురుగా గోడకంటించిన కాగితం చూసి చదువుతున్నాడు. వీళ్ళిద్దరి పైనా ఎక్కడో ఏసీ గదిలో ఉన్నవాణ్ణి మాత్రం ఏ తేలూ కుట్టలేదు.

మొన్న రథసప్తమికి అరసవల్లిలో దర్శనం చేసుకుని చుట్టాలందరం మావయ్యింటికి చేరాం. లైన్లో ఎవరిదో పర్సు కొట్టేశారన్న కబురుతో మొదలై మాటలు దొంగతనాల మీదికి మళ్ళాయి. తోడల్లుడు ఒకాయన వాళ్ళ ఆఫీసులో ఎవరికో ఓటీపీతో ఎనభై వేలు పోయిన సంగతి చెప్పాడు. అందరూ నవ్వారు. అప్పుడు మావయ్య గొంతు సవరించుకున్నారు.

"మా కోర్టులో చేసిన ఒకాయనకి ఇంతకంటే పెద్దదే అయ్యింది."

అత్త వంటింటి గుమ్మంలోంచి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. మావయ్య చెప్పుకుపోయారు. రెండు పగళ్ళూ, రాత్రీ, గుమ్మంలో అన్నం కంచం, దొడ్లోకి వెళ్ళడానికి అనుమతి, సెక్షను నంబర్లు అన్నీ సరిగ్గా ఉండటం. పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. తోడల్లుడు "అంత చదువుకుని ఎంత తిక్కలోడండీ ఆయన" అన్నాడు.

"తిక్కలోడే. కానీ ఆ ముద్ర చూస్తే నువ్వైనా నమ్మేవోడివి" అన్నారు మావయ్య. అని, ఆ ముద్ర ఎలా ఉందో, దాంట్లో తప్పు ఎక్కడ పట్టుకోవాలో వేలితో నేల మీద గీసి చూపించారు.

"ఇంతకీ ఎంత పోయిందట తాతా?" అంది మనవరాలు.

మావయ్య ఒక్క క్షణం ఆగారు.

"పద్నాలుగు లక్షలు" అన్నారు.